సాంకేతిక విస్థాపన: ఉత్తరాంధ్రలో గోగునార, గోనె సంచి, ప్లాస్టిక్ సంచి

వాడుకలో స్థిరపడిన వస్తువును కొత్తగా వచ్చిన వస్తువు పక్కకు నెట్టి, దానితోపాటు పాత వస్తువు మీద ఆధారపడిన సంస్థలను, వృత్తులను, ఇంటింటి అలవాట్లను కూడా మార్చివేసే పరిణామాన్ని సాంకేతిక విస్థాపన అంటారు. ఆస్ట్రియా-హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ 1942లో వెలువరించిన గ్రంథంలో దీనినే పెట్టుబడిదారీ వ్యవస్థ ప్రాణలక్షణంగా గుర్తించి, కొత్తదాని పుట్టుకలోనే పాతదాని పతనం ఇమిడి ఉంటుందన్న అర్థంలో సృజనాత్మక విధ్వంసం అని పేరు పెట్టాడు. హార్వర్డ్ ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997లో ఈ ఆలోచనను మరో మెట్టు ముందుకు తీసుకువెళ్లి, పేరున్న కంపెనీలు చెడిపోయేది తెలివితక్కువతనం వల్ల కాదనీ, తమకు ఎక్కువ లాభం తెచ్చిపెట్టే ఖాతాదారుల మాట శ్రద్ధగా వింటూ, మొదట్లో నాసిగానూ చవకగానూ కనిపించే కొత్త సరుకును పట్టించుకోకపోవడం వల్లనేననీ వాదించాడు. 1975లోనే డిజిటల్ కెమెరాను తన ప్రయోగశాలలో తయారుచేసుకున్న కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరవలసి రావడం ఇందుకు తరచుగా చూపే ఉదాహరణ.

ఈ పరిణామాన్ని పరిశీలించడానికి కెమెరాల దాకా, కంప్యూటర్ల దాకా వెళ్లనక్కరలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ధాన్యం నింపే సంచి చరిత్రలో ఇది మొదటి నుంచి చివరి వరకు కనిపిస్తుంది. గోగు పండించిన రైతు, నార వడికిన మిల్లు కార్మికుడు, బస్తా మోసిన కలాసీ, ఖాళీ గోతాన్ని పరుపుగానూ గొడుగుగానూ వాడుకున్న ఇల్లాలు, వీరందరి జీవితాలూ దాదాపు నూరేళ్ల పాటు ఒకే పోగుతో ముడిపడి ఉండి, ఆ పోగు మారినప్పుడు చాలామంది ఒక్కొక్క తీరున నష్టపోయారు, కొందరు లాభపడ్డారు. జాతీయ రహదారి మీద శ్రీకాకుళం పట్టణానికి ఆనుకొని ఉన్న ఎచ్చెర్ల, దానికి ఇరుగుపొరుగున ఉన్న లావేరు, రణస్థలం, జి. సిగడాం, పొందూరు మండలాలు ఈ మార్పు మొత్తాన్నీ చూసిన నేల.

గోగు పంట, నార తీత

గోనె అనగానే బెంగాలు జనపనార గుర్తుకు వచ్చినా, ఉత్తరాంధ్ర మిల్లులకు ఆధారమైనది వేరే మొక్క. జనపనార మొక్కకు నదుల ఒండ్రు నేల, సమృద్ధిగా నీరు కావాలి. మందార కుటుంబానికి చెందిన గోగు మాత్రం తేలిక నేలల్లో వాన నీటితోనే పెరుగుతుంది. ఈ పంటలో హైబిస్కస్ కన్నాబినస్, హైబిస్కస్ సబ్దరిఫా అనే రెండు జాతులున్నాయి. తెలుగువారు గోంగూరగా వండుకునే ఆకు ఈ జాతుల మొక్కలదే. దీని నార జనపనార కంటే కాస్త ముతక, కానీ సంచుల నేతకు చక్కగా సరిపోతుంది. భీమునిపట్నం రేవు నుంచి ఓడలకెక్కినందువల్ల అంతర్జాతీయ విపణిలో ఈ సరుకు ఆ రేవు పేరుతోనే బిమిలీపట్నం జ్యూట్‌గా, కురచగా బిమిలీగా చలామణి అయింది.

తొలకరి వానలకు విత్తిన గోగును పూత దశలో కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలోనే నిలబెట్టి, ఆ తరువాత చెరువులోనో గెడ్డ మడుగులోనో ముంచి, పైకి తేలకుండా బరువు పెట్టి ఊరబెడతారు. నీటిలోని బాక్టీరియా నారను పుల్లకు అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని తినివేయడానికి రెండు వారాలో, నీరు చాలనిచోట అంతకు మించో పడుతుంది. అది ఊరే రోజుల్లో చెరువు గట్టు మీద నిలబడలేనంత కంపు కొడుతుంది. సరిగ్గా ఊరిందో లేదో చేత్తో తొక్క లాగి చూసి తెలుసుకోవాలి: తొందరపడితే నారకు తొక్క అంటుకొని వస్తుంది, ఆలస్యమైతే నార కుళ్లి బలం పోతుంది. అదను కుదిరిన రోజున మగవాళ్లూ ఆడవాళ్లూ నడుములోతు మురుగు నీటిలో గంటల తరబడి నిలబడి, పుల్లను విరిచి నారను ఒలిచి, జాడించి, దండెల మీద ఆరవేస్తారు. మిగిలిన గోగుపుల్ల పొయ్యిలోకి, దడికి పనికివస్తుంది. నార నాణ్యత, రైతుకు దక్కే ధర ఈ మడుగు దగ్గరే తేలిపోతాయి. ఇంత కీలకమైన పని మిల్లులు వచ్చిన తరువాత కూడా యంత్రం అంటుకోని పనిగానే ఉండిపోయిందన్న సంగతిని ఈ చరిత్ర చదివేవారు మరువకూడదు.

మిల్లులు చేసిన మొదటి విస్థాపన

ప్లాస్టిక్ చేతిలో ఓడిన పరిశ్రమగానే నార మిల్లులను చూడడం పాక్షిక దృష్టి అవుతుంది, ఎందుకంటే అవి కూడా ఒకప్పుడు అంతకు ముందున్న వృత్తిని తుడిచిపెట్టినవే. చేతితో వడికి, చేతిమగ్గం మీద నేసిన గోనె బెంగాలు నుంచి పందొమ్మిదో శతాబ్ది మధ్య వరకు విదేశాలకు ఎగుమతి అయ్యేది. స్కాట్లండులోని డండీ పట్టణంలో 1830లలో తిమింగలం నూనెతో నారను మెత్తబరచి యంత్రాల మీద వడికే పద్ధతి కుదిరిన తరువాత చేతి గోనెకు గడ్డురోజులు వచ్చాయి. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో జార్జ్ ఆక్లండ్ నెలకొల్పిన జనపనార వడుకు మిల్లుతో అవే యంత్రాలు నార పండే దేశానికి చేరి, ఆ శతాబ్దం ముగిసేలోగా కలకత్తా మిల్లులు డండీనే మించిపోయాయి. డండీని దెబ్బతీసిన యంత్రాలు డండీ నిపుణులు అమ్మినవే, నడపడం నేర్పినవే. నేర్పినవాడి మార్కెట్టును నేర్చుకున్నవాడు గెలుచుకోవడం పరిశ్రమల చరిత్రలో ఆ తరువాత ఎన్నోసార్లు జరిగింది.

ఉత్తరాంధ్రలో గోస్తనీ నది దగ్గర తగరపువలసను ఆనుకొని ఉన్న చిట్టివలస మిల్లు పందొమ్మిదో శతాబ్దం నాటిది. చంపావతి ఒడ్డున నెల్లిమర్ల మిల్లు 1920లో మొదలైంది. తరువాతి దశాబ్దాల్లో విజయనగరం, బొబ్బిలి, రాజాం, పార్వతీపురం ప్రాంతాల్లో మరికొన్ని వెలిశాయి. ఇదే కాలంలో రవాణాలోనూ విస్థాపన జరిగింది. రెండువైపులా గోనెలు వేలాడే పెరికెడ్ల బిడారులను 1890లలో వచ్చిన తూర్పు తీర రైలుమార్గం పక్కన పెట్టింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు తెరుచుకున్నాక, ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే పడవల మీద సరుకు చేరవేయవలసి వచ్చే భీమునిపట్నం, కళింగపట్నం రేవులు క్రమంగా వెలవెలబోయాయి. ఓడకు తన పేరుతో సరుకు ఎక్కించిన రేవు పోయినా, ఆ సరుకు పేరు మాత్రం మార్కెట్టులో చాలాకాలం నిలిచింది.

మిల్లు లోపలి పని క్రమం ఇలా ఉండేది. బేళ్లుగా వచ్చిన నారను ముందు బ్యాచింగు విభాగంలో నూనె, నీరు కలిపిన మిశ్రమంతో తడిపి మెత్తబరుస్తారు. కార్డింగు యంత్రాల ముళ్ల రోలర్లు దానిని చిక్కుతీసి పొడవాటి పట్టీగా చేస్తాయి. డ్రాయింగులో ఆ పట్టీలను సాగదీసి సమం చేస్తారు. స్పిన్నింగు ఫ్రేములు మెలివేసి పోగు తీస్తాయి. ఆపైన మగ్గం, ఇస్త్రీ రోలర్లు, కోత, కుట్టు. గాలిలో నిండా నుసి, చెవులు దిబ్బడ వేసే మోత, నూనె వాసన ఉన్నా, నెల జీతం, ప్రావిడెంట్ ఫండ్, బోనస్, యూనియన్ అన్న మాటలను వ్యవసాయ కూలీల కుటుంబాలకు తొలిసారి పరిచయం చేసింది ఈ మిల్లులే. చుట్టుపక్కల ఊళ్లలో వంట, నిద్ర, పిల్లల బడి కూడా షిఫ్టుల సైరన్‌ను బట్టి నడిచేవి. కంపెనీలు తెచ్చే అలవాట్లు కొత్త వస్తువుతో మాత్రమే రావు, కొత్త పని వేళలతోనూ వస్తాయని ఇక్కడ గమనించాలి.

ప్లాస్టిక్ పోగు

ముడి చమురు శుద్ధిలో వెలువడే ప్రొపిలీన్ అనే వాయువు అణువులను గొలుసుగా కూర్చితే గట్టి ప్లాస్టిక్ తయారవుతుంది. దానినే పాలీప్రొపిలీన్ అంటారు. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని ఫిలిప్స్ సంస్థ పరిశోధకులు, 1954లో ఇటలీలో గియులియో నట్టా దీనిని సాధించారు. జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ సీగ్లర్‌తో కలిసి నట్టా 1963లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. వారి దృష్టిలో అది అణువుల అమరికకు సంబంధించిన రసాయనశాస్త్ర విజయం మాత్రమే. శ్రీకాకుళం చేలలోని గోగుకు అది పోటీ అవుతుందని ఆనాడు ఊహించడానికి ఏ ఆధారమూ లేదు. పరిశ్రమలను కూలదోసే పోటీ చాలాసార్లు ఇలాగే, ఆ పరిశ్రమవారు చదవని శాస్త్రంలో నుంచి వస్తుంది.

సంచి తయారీ సులువు. ప్లాస్టిక్ గుళికలను కరిగించి పలచని పొరగా పోసి, దానిని సన్నని పట్టీలుగా చీల్చి, వేడి మీద సాగదీస్తారు. సాగదీయడంతో అణువులు ఒకే దిక్కుకు సర్దుకొని పట్టీకి బలం వస్తుంది. ఈ పట్టీలను గుండ్రటి మగ్గం మీద గొట్టంలా నేస్తే పక్క కుట్టు అవసరం లేని బట్ట వస్తుంది. ముక్కలుగా కోసి అడుగు కుడితే సంచి తయారు. ఊరబెట్టే చెరువు, ఆరబెట్టే దండె, పంట అదను, వాన బెంగ ఏమీ లేవు. 1970ల చివరలో వడోదరలో ఐపీసీఎల్ పాలీప్రొపిలీన్ ఉత్పత్తి మొదలుపెట్టడం, 1990లలో గుజరాత్‌లోనే రిలయన్స్ భారీ కర్మాగారాలు తోడవడం వల్ల భారతదేశంలో ముడిసరుకు చవకగా, ఏడాది పొడవునా ఒకే నాణ్యతతో దొరకసాగింది. వాన రాని ఏడు నార ధర పెరిగినట్లుగా గుళిక ధర పెరగదు. దాని ధర ముడి చమురుతో పాటు కదులుతుంది.

రెండు సంచులనూ పక్కపక్కన పెట్టి చూస్తే పోటీ స్వరూపం తెలుస్తుంది. 50 కిలోల ఆహారధాన్యాలకు వాడే ప్రామాణిక జనపనార సంచి 580 గ్రాముల బరువు ఉంటుంది. అదే పని చేసే ప్లాస్టిక్ సంచి దానిలో నాలుగో వంతుకు అటూ ఇటూ మాత్రమే తూగుతుంది, ధరలోనూ తక్కువ. లోపల పలచని పొర వేస్తే చెమ్మ చొరబడదు కనుక సిమెంటుకు, ఎరువుకు, పంచదారకు మేలు. మరోవైపు గోనెకు ఉన్న గుణాలు ప్లాస్టిక్‌కు లేవు. గోనె గాలి ఆడనిస్తుంది కాబట్టి లోపలి ధాన్యం చెమర్చదు. పోగు గరుకుగా ఉంటుంది కాబట్టి గోదాములో ఎత్తుగా పేర్చినా బస్తా మీద బస్తా జారదు. కొక్కెం గుచ్చి లాగినా పోగు పక్కకు జరిగి మళ్లీ దగ్గరకు చేరుతుంది. చిరిగితే దబ్బనంతో కుట్టుకొని మరో రెండు మూడు పంటలకు వాడుకోవచ్చు. కొక్కెం పడిన చోట ప్లాస్టిక్ సంచి పట్టీ తెగి, చిరుగు సాగిపోతుంది. కొత్తది అన్నింటిలోనూ మెరుగై గెలవలేదు, డబ్బు చెల్లించి సంచి కొనేవాడికి ఏది ముఖ్యమో అందులో గెలిచింది. సంచిని కొనేది సిమెంటు కంపెనీ, ఎరువుల కంపెనీ. దానిని నాలుగేళ్లు వాడుకోవాలనుకునేది రైతు ఇల్లు. రెండో వారి కోరిక మొదటి వారి లెక్కలోకి రాలేదు.

చట్టం అడ్డుకట్ట

సిమెంటు, ఎరువుల పరిశ్రమలు ప్లాస్టిక్ వైపు మళ్లడంతో తూర్పు భారతంలో మిల్లులు, లక్షల రైతు కుటుంబాలు ప్రమాదంలో పడ్డాయి. దానిని ఆపడానికి పార్లమెంటు 1987లో జనపనార ప్యాకింగ్ సామగ్రి తప్పనిసరి వినియోగ చట్టాన్ని చేసింది. ఆహారధాన్యాలు, పంచదార పూర్తిగానూ, సిమెంటు, ఎరువులు కొంతమేరకూ నార సంచుల్లోనే నింపాలన్నది తొలి ఆదేశాల సారాంశం. సిమెంటు కంపెనీలు దీనిని సవాలు చేయగా 1996లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. అయినా తరువాతి కాలంలో సిమెంటు, ఎరువులు జాబితా నుంచి తొలగిపోయి, పంచదార వాటా 20 శాతానికి దిగి, ఆహారధాన్యాలకు మాత్రమే నూరు శాతం నియమం మిగిలింది. దానిలోనూ సంచుల కొరత వచ్చిన ఏడు సడలింపులు ఇస్తూనే ఉన్నారు.

ఈ చట్టాన్ని అంచనా వేయడంలో పరిశీలకులు రెండుగా చీలుతారు. ఖాయమైన కొనుగోలుదారుగా ప్రభుత్వమే ఉన్నందువల్ల మిల్లులు యంత్రాలను మార్చుకోలేదనీ, గోనె సంచి దాటి బట్టలు, తివాచీలు, రోడ్ల కింద పరిచే నేల వస్త్రాలు వంటి కొత్త సరుకుల వైపు చూడలేదనీ ఒక విమర్శ. అది చాలావరకు నిజమే. కానీ ఆ అడ్డుకట్ట లేకపోతే ఉత్తరాంధ్ర మిల్లులు ఇరవై ఏళ్లు ముందే మూతపడేవన్నది కూడా అంతే నిజం, ఆ ఇరవై ఏళ్లలో ఒక తరం కార్మికుల పిల్లలు చదువుకున్నారు. చట్టం తప్పు చేసింది రక్షణ ఇవ్వడంలో కాదు, ఇచ్చిన గడువులో మిల్లుల నుంచి ఏమి ఆశించాలో రాసుకోకపోవడంలో.

1971లో ఏర్పడిన భారత జనపనార సంస్థ కనీస మద్దతు ధరకు నార కొనే బాధ్యత తీసుకున్నా, దాని ప్రధాన క్షేత్రం బెంగాలు. ఇదికాక బంగ్లాదేశ్ నుంచి చవక నార సరుకులు దిగుమతి కావడం మరో దెబ్బ. వాటిపై 2017 జనవరిలో భారత ప్రభుత్వం యాంటీ డంపింగ్ సుంకం, అంటే ఎగుమతిదారు తన దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు పంపే సరుకుపై వేసే అదనపు పన్ను, విధించింది.

మిల్లు గేటు ముందు

విస్థాపన గురించిన గ్రంథాలలో కంపెనీలు పుడతాయి, పోతాయి. ఆ వాక్యాల్లో మనుషులు కనిపించడం అరుదు. ఉత్తరాంధ్రలో నార మిల్లు మూత అంటే ఒకరోజు ఉదయం గేటుకు అంటించిన లాకౌటు నోటీసు. నార దొరకలేదని, ఆర్డర్లు లేవని, కూలి ఒప్పందం కుదరలేదని కారణాలు మారుతూ వచ్చాయి. తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం జరుగుతూ వచ్చింది. నెల్లిమర్లలో మిల్లు కార్మికుల ఆందోళన మీద 1994లో జరిగిన పోలీసు కాల్పుల్లో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు, ఆ ఘటన ఈ ప్రాంత కార్మికోద్యమ చరిత్రలో నేటికీ మానని గాయం. చిట్టివలస మిల్లు 2009లో లాకౌటు తరువాత మళ్లీ నడవలేదు. బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

పెట్టుబడికి ఉన్న చలనం శ్రమకు లేదన్నది ఈ ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. రాజాంకు చెందిన గ్రంధి మల్లికార్జునరావు 1978లో నార మిల్లుతో మొదలుపెట్టిన వ్యాపారం విద్యుత్తు, రహదారులు, విమానాశ్రయాల దాకా విస్తరించి జీఎంఆర్ సంస్థగా దేశమంతటా తెలిసింది. పాత పరిశ్రమ నుంచి సకాలంలో కొత్తదానిలోకి అడుగుపెట్టిన సంస్థకు ఇది తెలుగునాట గొప్ప ఉదాహరణ, షుంపీటర్ మెచ్చుకునే తరహా ఉదాహరణ. కానీ స్పిన్నింగు ఫ్రేము ముందు పాతికేళ్లు పనిచేసి, తెగిన పోగును రెండు వేళ్లతో చిటికెలో అతికే నైపుణ్యం సంపాదించిన కార్మికుడికి ఆ నైపుణ్యాన్ని మార్చుకోగల మరో చోటు లేదు. అతడికి నలభై అయిదేళ్ల వయసులో మిగిలినవి భవన నిర్మాణ కూలి, కాపలా ఉద్యోగం, వలస. ఎచ్చెర్ల దాటగానే పైడిభీమవరం చుట్టూ ఎదిగిన ఔషధ కర్మాగారాలు రసాయనశాస్త్రం చదివిన యువతకు ఉద్యోగాలిచ్చాయి గాని, మిల్లు మూతపడి బయటపడ్డవారిని పెద్దగా చేర్చుకునే స్వభావం వాటికి లేదు.

కలాసీల సంగతి మరో రకం. ఒకప్పుడు దాదాపు క్వింటాలు బరువుండే గోనె బస్తాను వీపున మోయడం వారి పని. బరువు 50 కిలోలకు తగ్గడం ఆరోగ్యానికి నిజంగా మేలు చేసింది. ఆ మేలు ప్లాస్టిక్ వల్ల వచ్చింది కాదు, కార్మిక ప్రమాణాల గురించిన ఒత్తిడి వల్ల వచ్చింది. మంచి మార్పునంతా సాంకేతికత ఖాతాలో, చెడునంతా కాలం ఖాతాలో వేసే రివాజు ఉంది కనుక ఈ తేడా చెప్పవలసి ఉంది.

ఇంటిలో గోతం

ఖాళీ గోతం ఉత్తరాంధ్ర పల్లె ఇంట్లో ఎన్ని అవతారాలు ఎత్తేదో లెక్కపెట్టడం కష్టం. ఒక మూలను మరో మూలలోకి దోపితే వానలో తలమీద కప్పుకునే గొంగు. నాలుగు కలిపి కుడితే కళ్లంలో ధాన్యం ఆరబోసుకునే పట్టా. మడిచి పరిస్తే బండి మీద కూర్చునే మెత్త. తడిపి చుడితే నీళ్ల కుండను చల్లబరిచే తొడుగు. చలికాలంలో పశువు వీపున కప్పే దుప్పటి. బడిలో పిల్లవాడు కింద వేసుకునే చాప. చివరకు పేలికలైన తరువాత కూడా పోగులు లాగి పురికొస పేనేవారు, మిగిలింది పెంటకుప్పలో పడి మట్టిలో కలిసిపోయేది. బజారులో పాత గోనెలు కొని, బాగుచేసి, మళ్లీ అమ్మే వ్యాపారం దీని మీదనే నడిచింది. దబ్బనం, పురికొస లేని రైతు ఇల్లు ఉండేది కాదు.

ప్లాస్టిక్ సంచి వచ్చిన తరువాత ఈ అలవాట్లు ఒక్కసారిగా పోలేదు, వేరే రూపం తీసుకున్నాయి. ఎరువు సంచిని చీల్చి కుట్టి, మార్కెట్టుకు తీసుకెళ్లే చేతిసంచి చేశారు. సిమెంటు సంచులను కలిపి కళ్లం పట్టాలు చేశారు. గుడిసె కప్పుకు, దడికి, బాత్రూము మరుగుకు వాడారు. చెమ్మ తగలని గుణం వల్ల కొన్ని పనులకు ఇది గోతం కంటే మేలనిపించింది కూడా. తేడా చివరి దశలో బయటపడింది. ఎండకు ప్లాస్టిక్ పట్టీ పెళుసుబారుతుంది. గట్టు మీద ఒక వేసవి వదిలేసిన సంచిని పట్టుకుంటే తెల్లని పీచుముక్కలుగా చేతిలో రాలి, దుక్కితో మట్టిలో కలుస్తుంది తప్ప మట్టిగా మారదు. పశువు మేతలో కలిసి లోపలికి పోతుంది. 2022 జూలై 1 నుంచి అమలైన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధంలో గ్లాసులు, స్ట్రాలు, చెంచాలు వచ్చాయి గాని నేసిన సంచులు రాలేదు.

కొలత మాత్రం సంచిని మించి బతికింది. ధాన్యం మిల్లు వే బిల్లులో క్వింటాళ్లు ఉన్నా, శ్రీకాకుళం రైతు పంట దిగుబడిని ఇప్పటికీ బస్తాల్లోనే చెబుతాడు. అతడి లెక్కలో బస్తా అంటే 80 కిలోలు. ఏ సంచీ నేడు ఆ బరువుకు కుట్టబడకపోయినా, మాటలో పాత గోనె పరిమాణం అలాగే నిలిచింది.

సమాచార రంగంలో అలవాట్ల మార్పు ఇంతకంటే వేగంగా జరిగింది. సూరత్‌కో చెన్నైకో వలస వెళ్లినవారి కుటుంబాలు మనియార్డరు కోసం పోస్టుమాన్‌కు ఎదురుచూసే రోజులు, ఆదివారం రాత్రి ఎస్టీడీ బూతు ముందు వరుసకట్టే రోజులు ఒక తరం వారికి స్పష్టంగా గుర్తున్నాయి. తపాలా శాఖకో, టెలిఫోన్ శాఖకో తప్ప మరెవరికీ సాధ్యం కాదనిపించిన ఆ సేవలు 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితం కావడంతో, 2016లో యూపీఐ చెల్లింపులు, చవక డేటా రావడంతో జేబులోని ఫోనులోకి చేరాయి. 2013 జూలైలో తంతి సేవ దేశమంతటా ఆగిపోయింది. ఇక్కడ నష్టపోయిన ఎస్టీడీ బూతు యజమానులలో చాలామంది రీచార్జి, జిరాక్సు, మీసేవ పనుల్లోకి మళ్లగలిగారు, ఎందుకంటే వారి చేతిలో రోడ్డు పక్క గది, తెలిసిన ఖాతాదారులు మిగిలారు. నార కార్మికుడికి అలా మిగిలింది లేదు.

పొందూరు మినహాయింపు

ఎచ్చెర్ల పొరుగునే ఉన్న పొందూరు ఇదే కథకు ఎదురు నిదర్శనం. మిల్లు నూలు దేశమంతటా చేతి వడుకును నాశనం చేసిన తరువాత కూడా ఇక్కడ సన్నని ఖద్దరు నిలిచింది. దూదిలోని నలుసులను వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి తీయడం, ఆపై ఏకి, వడికి నూరు నంబరుకు మించిన నూలు తీయడం ఇక్కడి ప్రత్యేకత. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నమని అర్థం. గాంధీజీ దృష్టికి వచ్చి స్వాతంత్ర్యోద్యమంలో పేరు పొందిన ఈ నేతకు 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం సంస్థాగత రూపమిచ్చింది. పొందూరు నిలబడటానికి కారణం ఆ బట్ట మిల్లు బట్టతో ధరలో పోటీ పడకపోవడం, మిల్లు ఇవ్వలేనిదాన్ని కోరేవారికే అమ్ముడుపోవడం. గోనెకు ఆ అవకాశం లేదు. అది ఎవరూ మురిసి కొనని, చవకగా ఉండక తప్పని వస్తువు. అయితే పొందూరు మనుగడను విజయంగా మాత్రమే వర్ణించడం అన్యాయం. రోజంతా రాట్నం తిప్పిన స్త్రీకి దక్కే కూలి ఆ బట్ట ఖ్యాతికి ఎంతమాత్రం తగినది కాదు; అందుకే వారి కూతుళ్లు రాట్నం ముందు కూర్చోవడం లేదు.

మళ్లీ మడుగు దగ్గరకు

గోగు సాగు తగ్గిపోవడానికి ప్లాస్టిక్ ఒక్కటే కారణమని చెప్పడం పరిపాటి. లావేరు, రణస్థలం, జి. సిగడాం, ఎచ్చెర్ల మెట్టల్లో జరిగింది చూస్తే రైతు నిర్ణయంలో మరో లెక్క కనిపిస్తుంది. సంకర మొక్కజొన్న విత్తనం, కోళ్ల దాణా పరిశ్రమ గిరాకీ, బోరు నీరు అందుబాటులోకి వచ్చాక, నూర్పిడి యంత్రంతో ఒక పూటలో తేలిపోయే పంట పక్కన పెడితే రెండు వారాలు ఊరబెట్టి మురుగులో దిగి ఒలవవలసిన పంట ఎవరికీ నచ్చలేదు. వానలు తగ్గిన ఏళ్లలో ఊరబెట్టడానికి చెరువులో నీరే చాలలేదు. నీరున్న చెరువులను చేపల పెంపకానికి వేలం వేసినచోట గోగు కట్టలు దించనివ్వలేదు. నార ఒలిచే కూలీలు దొరకడం గగనమైంది. దానితో ప్లాస్టిక్ దెబ్బకు మిగిలిన మిల్లులు కూడా సొంత జిల్లా నార చాలక బెంగాలు నుంచి జనపనార తెప్పించుకోవలసి వచ్చింది.

వడకడంలో, నేయడంలో, కుట్టడంలో, రవాణాలో నూట యాభై ఏళ్లుగా యంత్రాలు మారుతూ వచ్చినా, నార తీసే చోట రైతు చేతిలో పెట్టిన కొత్త సాధనం దాదాపు ఏదీ లేకపోవడమే ఈ పరిశ్రమ బలహీనతకు అసలు మూలమని చెప్పాలి. పరిశోధన పూర్తిగా లేదనడానికి వీలులేదు. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానం గోగు మీద దశాబ్దాలుగా పనిచేస్తూ ఏఎంవీ వరుసలో ఎక్కువ దిగుబడినిచ్చే రకాలను విడుదల చేసింది. పశ్చిమ బెంగాల్‌లోని బారక్‌పూర్ కేంద్ర పరిశోధన సంస్థ, పెక్టిన్‌ను త్వరగా కరిగించే ఎంపిక చేసిన బాక్టీరియాతో క్రిజాఫ్ సోనా అనే పొడిని తయారుచేసింది. కట్టల మీద దానిని చల్లితే తక్కువ నీటిలో, తక్కువ రోజుల్లో నార ఊరి, రంగు కూడా మెరుగ్గా వస్తుంది. 2015లో మొదలైన జ్యూట్ ఐకేర్ పథకం ఈ పొడిని, విత్తే యంత్రాలను, కలుపు తీసే చక్రాలను రైతులకు చేర్చడానికి ఉద్దేశించింది. పచ్చి కాండం నుంచే తొక్కను పట్టీలుగా ఒలిచి, ఆ పట్టీలను మాత్రమే చిన్న గుంటలో ఊరబెట్టే రిబ్బన్ పద్ధతి నీటి అవసరాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఈ సాధనాలు గోగు పండించే పల్లెల్లో విరివిగా కనిపించే నాటికి అక్కడ గోగు విత్తే చేలు ఎన్ని మిగిలి ఉంటాయన్న దానిమీదనే ఉత్తరాంధ్ర నార మిల్లుల ముడిసరుకు ఆధారపడి ఉంది.